జేబు చాకు పుట్టుపూర్వోత్తరములు

ఖడ్గములకును కటారులకును చరిత్ర వ్రాసినవారు పెక్కుమంది కలరు. రాజుల మొలలనుండి వ్రేలాడిన కత్తులు వస్తుప్రదర్శనశాలలయందు గాజుబీరువాలలో భద్రముగా నున్నవి. పెన్సిలు చెక్కుటకును, త్రాడు కోయుటకును, పండు తఱుగుటకును నిత్యము జేబులో నుండి పనిచేయు మడత చాకును గూర్చి మాత్రము వ్రాసినవా రరుదు. అయినను ఆ చిన్న పనిముట్టును చేయుటకు మన పంచవృత్తులలో మూడు వృత్తులు కలియవలయును. అలుగు కమ్మరిది, పిడి వడ్రంగిది, పొన్నును, ఇత్తడి రేకును కంచరివి. అందుచేత ఈ సంచికయందు దాని చరిత్రను కొంత విన్నవించుట అనుచితము కాదని తలంచెదను. చౌకగను, తేలికగను ఉండి తరతరములు నిలిచిన చాకులు ప్రపంచమున నెట్లు పుట్టినవి? వానిని చేసిన కమ్మరులు ధర తగ్గించుటకై దేనిని విడిచిరి, దేనిని విడువకపోయిరి? ఇదియే ఈ వ్యాసమునకు విషయము. నేడు అంగడికి బోయి యొక చాకు కొనదలచినవాడును ముందుగా నడుగవలసిన ప్రశ్న ఇదియే.

చాకు అను మాట మనకు పారశీకమునుండి హిందూస్థానీ ద్వారమున వచ్చినది. వస్తువు మాత్రము మిక్కిలి పురాతనమైనది. ఆస్ట్రియా దేశమున హాల్‌స్టాట్ అను ఉప్పుగనుల గ్రామమున దొరకిన, ఎముక పిడిగల మడత చాకొకటి క్రీస్తుకు పూర్వము 600–500 సంవత్సరముల నాటిదని పండితులు నిర్ణయించిరి. రోమకులును మడత చాకులను వాడిరి. మన దక్షిణదేశమున తాటాకులపై వ్రాయు గంటమునకు చిన్న కత్తిని జతచేసి, రెంటిని నొకే పిడిలోనికి మడచుకొనునట్లు చేసిన పనితనము కలదు. ఆకును కోయుటకు కత్తి, వ్రాయుటకు గంటము. మడచుటలోని సౌకర్య మేమనగా, ఒర వేఱుగా నక్కఱలేదు. పిడియే ఒర యగును. మడచుటలోని కష్టమును అచటనే యున్నది. ఇరుసు చీల వద్ద అలుగు కదలును. ఆ కదలికను నిలుపుటకే కమ్మరి బుద్ధియంతయు వ్యయమైనది.

ఐరోపాఖండమున చౌక చాకునకు పుట్టినిల్లు ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణము. పదునాల్గవ శతాబ్దమున ఛాసర్ మహాకవి రచించిన కాంటర్‌బరీ కథలలో నొక పిండిమర వాడు షెఫీల్డు కత్తిని మేజోడులో దోపుకొని తిరుగును. ఆ నాటికే ఆ ఊరి పేరు కత్తికి మాఱుపేరైనదన్నమాట. 1624లో పార్లమెంటు శాసనముచే నచట కత్తుల పనివారి సంఘ మొకటి ఏర్పడెను. ప్రతి పనివాడును తన గుర్తును సంఘమునందు నమోదు చేయించుకొని, ఆ గుర్తును అలుగుపై కొట్టవలయును; నాసిరకపు సరకునకు శిక్ష కలదు; శిష్యునకు నిర్ణీతమైన గడువు కలదు. మన సంఘములవారు ఈ శాసనమును శ్రద్ధతో పరిశీలింపదగును. మన పల్లెలలో కొడవలి కొనువాడు కమ్మరిని ముఖము చూచి యెరిగియుండెను గావున గుర్తు అక్కఱలేకపోయెను. సరకు ఊరు దాటిన పిమ్మట ముఖము తోడురాదు, గుర్తు వచ్చును.

షెఫీల్డులో బార్లో అను వంశమువారి పేర నొక చాకు వెలసెను. దాని లక్షణ మొక్కటే. ఇరుసు చీల కూర్చుండు చోట పిడికి సుమారు మూడవవంతు పొడవున దిట్టమైన ఇనుపబందము వేయుదురు. నగిషీ లేదు, మెఱుగు లేదు. చీల మాత్రము సడలదు. ఇది సముద్రము దాటి అమెరికాకు బోయి బాలుర జేబులలో జేరెను. 1876లో ప్రకటితమైన మార్క్ ట్వేన్ గారి టామ్ సాయర్ నవలలో, బైబిలు వాక్యములు అప్పగించినందులకు టామునకు బహుమానముగా వచ్చినది పండ్రెండున్నర సెంట్ల వెలగల బార్లో చాకు. అది దేనిని కోయకపోయినను నిక్కమైన బార్లోయే యని టాము పొంగిపోవును. గ్రంథకర్త నవ్వుచు వ్రాసినను, ఈ ముక్కలో చౌక సరకు చరిత్రయంతయు నిమిడియున్నది. పేరు మిగిలి, పదును పోవుట యన నిట్టిదే.

చౌకదనమునకు షెఫీల్డువారు చెల్లించిన మూల్యమును గూడ చెప్పక విడువరాదు. ఒకడు అలుగు సాగగొట్టును, మఱియొకడు సానపట్టును, వేఱొకడు పిడి కూర్చును. ఇట్లు పనిని విభజించుకొనుటచే ధర తగ్గెను. కాని సానరాళ్ల ధూళిని దినమంతయు పీల్చిన సానవాండ్రు, ముఖ్యముగా నీరు లేక పొడిసాన పట్టువారు, ఊపిరితిత్తులు చెడి నడివయస్సు రాకమునుపే మరణించుచుండిరి. ఆ కాలపు వైద్యులు దీనికి సానవాని ఉబ్బసమని పేరిడిరి. ఆ ధరపట్టికలో నీ లెక్క యెన్నడును చేరలేదు.

ఇక ఉక్కును గూర్చి. 1740 ప్రాంతములందు బెంజమిన్ హంట్స్‌మన్ అను గడియారముల పనివాడు, తన కమానులకు మేలైన ఉక్కు దొరకక, మూసలలో ఉక్కును కరగించి పోయు పద్ధతిని షెఫీల్డు చెంత సాధించెను. ఆ ఊరి కత్తులవారు ఈ ఉక్కు మిక్కిలి గట్టిది, మాకు వలదని త్రోసిపుచ్చిరి. అతడు దానిని ఫ్రాన్సునకు అమ్ముకొనెను. ఆ ఉక్కుతో చేసిన ఫ్రెంచి కత్తులు తిరిగి ఇంగ్లండు అంగళ్లలోనికి వచ్చిన పిమ్మటగాని షెఫీల్డువారికి కన్ను తెఱవలేదు.

మూసలో ఉక్కు చేయుట హంట్స్‌మన్‌కు క్రొత్త గాని మనకు క్రొత్త గాదు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మన కమ్మరులు మూసల ఉక్కును వండుచుండిరి. 1820 ప్రాంతములందు ఆ చోట్లను చూచిన వాయిసీ అను భూగర్భశాస్త్రజ్ఞుని వ్రాతను 1832లో బంగాళా ఏషియాటిక్ సొసైటీ పత్రిక ప్రకటించినది. ఆ ఉక్కుకొఱకు ఇస్ఫహాను పట్టణమునుండి పారశీక వర్తకుడు వచ్చి కోనసముద్రమున మకాము చేసియుండుట నతడు వ్రాసియున్నాడు. ఇంగ్లీషువారు వూట్జ్ అని వ్రాసిన పదము మన ఉక్కు అను మాటకే అపభ్రంశమని పెక్కుర మతము.

ఈ హిందూదేశపు ఉక్కునకును జేబు చాకునకును ఒక సంబంధము కలదు. 1794లో బొంబాయినుండి డాక్టరు హెలీనస్ స్కాట్ గారు లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షునకు వూట్జ్ ముద్దలను పంపిరి. వానిని పరీక్షించి 1795లో పియర్సన్ గారు వ్యాసము చదివిరి. ఆ పరీక్షలలో భాగముగా జేమ్స్ స్టోడార్ట్ అను లండను కత్తులపనివాడు ఒక ముక్కను సాగగొట్టి కలములు చెక్కు చిన్న చాకును చేసెను. దాని వాదర మేలైన ఐరోపా ఉక్కుతో సమానముగా తెగెను. స్టోడార్టు ఆ తరువాత తన అంగడి చీటిమీదనే, ఐరోపా ఉక్కులన్నిటికంటె హిందూదేశపు ఈ ఉక్కునే తాను మెచ్చుచున్నానని అచ్చు వేయించుకొనెను. అటుపిమ్మట ఉక్కు మిశ్రమములనుగూర్చి అతనితో గలసి ప్రయోగములు చేసినవాడు మైకేల్ ఫారడే. ఆ మహాశాస్త్రజ్ఞుడును కమ్మరి కుమారుడే.

మన ఉక్కు లండనులో చాకై మెప్పు పొందెను. మన కొలిమినుండి మాత్రము లోకమంతయు జేబున వేసుకొను చాకు బయలుదేరలేదు. పందొమ్మిదవ శతాబ్దము ముగియునప్పటికి ఆ మూసల కొలుములే చల్లారిపోయెను. 1856 తరువాత బెసిమర్ పద్ధతిచే ఉక్కు అతిచౌక యగుట, ఇంగ్లండు సరకు రేవులలో దిగుట, బొగ్గునకు అడవి దుర్లభమగుట – కారణములు పలువురు చెప్పియున్నారు, అవి నిజములే. అయినను, అదే కాలమున, అవే యంత్రముల పోటీ నడుమ, అంతకంటె బీదవియైన రెండు కొండపల్లెలలోను పట్టణములలోను కమ్మరులు నిలదొక్కుకొనిన వృత్తాంతములు గలవు. వానిని కొంత విరివిగా చెప్పెదను.

మొదటిది ఫ్రాన్సు దేశమునకు తూర్పున నున్న సావొయ్ కొండసీమలోనిది. అచట ఆల్బియే గ్రామమునకు చేరిన జెవూదాజ్ అను పల్లెలో ఓపినెల్ అను కమ్మరి కుటుంబ ముండెను. తాత విక్తోర్ అమేదే, మొదట ఊరూర సరకులమ్ము తిరుగుడు బేరగాడు. తరువాత కొలిమి పెట్టుకొనెను. తండ్రి దానియెల్ గొడ్డళ్లకును, కొమ్మలు నఱకు కత్తులకును ఆ సీమయందు పేరొందినవాడు. 1872లో పుట్టిన కుమారుడు జోసెఫ్‌నకు యంత్రములయందును, అప్పటికి క్రొత్తదైన ఛాయాచిత్రకళయందును మక్కువ. 1890లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, అతడొక చిన్న మడత చాకును చేసెను.

ఆ చాకులోని భాగములను లెక్కింపుడు. అలుగు ఒకటి, కొయ్యపిడి ఒకటి, పిడి మెడకు తొడిగిన ఇనుప పొన్ను ఒకటి, అన్నిటిని గ్రుచ్చిన చీల ఒకటి. నాలుగే. కమాను లేదు. షెఫీల్డు చాకులలో అలుగును పట్టియుంచునది వెనుకనుండు ఉక్కు కమాను, దానిని చేయుటయు, పదును పెట్టుటయు, సరిచూచి కూర్చుటయు చాకు వెలలో పెద్దపాలు తినును, బరువును పెంచును. జోసెఫ్ కమానును తీసివైచి, పిడి కొయ్య బిగువుతోనే అలుగును నిలిపెను. ధరయు బరువును ఒక్కసారి తగ్గినవి. ఉక్కులో మాత్రము అతడు లోపము చేయలేదు. నేటికిని ఆ చాకు మామూలు ఉక్కు అలుగులో నూటికి 0.9 పాళ్లు బొగ్గుపులుసు కలదు. ఇది మంచి వాదర పట్టు ఉక్కు.

1897లో నతడు ఒకటినుండి పండ్రెండువఱకు పండ్రెండు కొలతల చాకులను వరుసగా నేర్పరచెను. చేయిచిన్నవానికి చిన్నది, తోటవానికి పెద్దది. 1901–1903 నడుమ పల్లె వంతెనయొద్ద కార్ఖానా కట్టి, పిడులను చేయు యంత్రమును తానే కల్పించెను. ఊరూర తిరుగు బేరగాండ్రచేత అమ్మించెను. సెయింట్ జాన్ ద మోరియెన్ రైలుస్టేషనువద్ద అంగడి పెట్టించి రైలు పనివారికి అమ్మించెను. రైలు పోవు దారినెల్ల చాకును బోయెను. 1909లో నతడు కిరీటము క్రింద ఆశీర్వదించు హస్తమును తన గుర్తుగా నమోదు చేయించెను. ఆ హస్తము సెయింట్ జాన్ పట్టణపు ముద్రలోనిది, కిరీటము సావొయ్ పూర్వప్రభువులది. 1911లో తూరిను ప్రదర్శనమున బంగారు పతకము వచ్చెను. తరువాత షాంబేరీ చెంతనున్న కొన్యా గ్రామమునకు కార్ఖానా మాఱెను, 1926లో నది యగ్నికి ఆహుతి యయ్యెను, మరల కట్టిరి. 1939 నాటికి రెండుకోట్ల చాకులు అమ్ముడుపోయెను.

ఒక లోపము మాత్రము మిగిలెను. కొయ్యబిగువు చాలక అలుగు వ్రేలిమీదకు మూసికొను ప్రమాద ముండెను. 1955లో జోసెఫ్ కుమారుడు మార్సెల్ పొన్నుపై తిరుగు నొక ఉంగరమును అమర్చెను. దానిని త్రిప్పినచో అలుగు బిగిసికొనును. అఱువది యైదేండ్లలో నైదవ భాగ మొక్కటి చేరినది! చేర్చుటకు నింత తొందరపడని కుటుంబము అరుదు. 1985లో లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలవారు ప్రపంచమునందలి నూరు సుందర వస్తువులలో దీనిని ఎన్నిరి. దీనిలో అలంకార మేదియు లేదు గదా అని ఆశ్చర్యపడువారు పల్లెకమ్మరి చేసిన మంచి కొడవలి నొకసారి చేతబట్టి చూడవచ్చును.

రెండవది జపాను దేశపు మికి పట్టణములోనిది. ఇది హ్యోగో మండలమున, వడ్రంగి పనిముట్లకు పేరుగన్న చోటు. 1876లో జపాను ప్రభుత్వము సామురాయి జాతివారు కత్తి ధరించి తిరుగరాదని శాసించెను. కత్తులు చేసి బ్రదికిన కమ్మరుల కది పిడుగువంటిది. గృహోపకరణములకును, వ్యవసాయపు పనిముట్లకును చేయి త్రిప్పుకొనినవారు నిలిచిరి. మికిలో 1890 తరువాతి దశకమున పుట్టిన చౌక చాకునకు హిగోనొకామి, అనగా హిగో దేశాధిపతి, యని గంభీరమైన పేరు పెట్టిరి. వస్తువు మాత్రము మిక్కిలి నిరాడంబరము. ఒక రేకును మడచిన పిడి, ఒక అలుగు, ఒక చీల. కమానును లేదు, ఉంగరమును లేదు. అలుగు మొదలున వెనుకకు వంగిన చిన్న తోక యుండును. చాకు తెఱచి పట్టినపుడు బొటనవ్రేలు ఆ తోకను అదిమి పట్టును, వ్రేలే బిగింపు. సావొయ్ కమ్మరి నాలుగు భాగములకు దించగా, మికి కమ్మరి మూటికి దించెను. అలుగు మాత్రము గట్టి ఉక్కును మెత్తని ఇనుముతో అతికిన కత్తులవారి పాతపనితనముననే కొన్నిటియందు చేయబడుచుండెను.

రెండు తరముల జపాను బాలురు ఈ చాకుతో పెన్సిళ్లు చెక్కుకొనిరి. వెదురు గోసి బొమ్మలు చేసికొనిరి. పిమ్మట 1960 అక్టోబరు 12వ తేదీన, టోకియో సభావేదికపై, సోషలిస్టు నాయకుడు అసనుమా ఇనెజిరో గారిని పదునేడేండ్ల యువకుడు పొట్టికత్తితో పొడిచి చంపెను. ఆ ఆయుధము హిగోనొకామి కాదు. అయినను బాలుర చేతులలో కత్తి ఉండరాదను ఉద్యమము దేశమంతట బలపడెను, చట్టములు బిగిసెను, బడులలోనికి పెన్సిలు చెక్కు యంత్రములు వచ్చెను. మికిలోని కొలుములు ఒకటొకటిగా మూతపడి, ఆ పేరు పెట్టుకొను హక్కుగల పనిశాల నేడు నాగావో కానెకొమా ఒక్కటే మిగిలినది. మంచి సరకు చెడుపేరుచేత చచ్చుట కిది నిదర్శనము. మన రాంపురీ చాకు కథయు నిట్టిదే. రాంపురపు పనివారి నేర్పు చిన్నది కాకపోయినను, తొమ్మిది పది అంగుళముల అలుగులతో అది ఆయుధ మయ్యెను. 1970 తరువాతి హిందీ చలనచిత్రములు దానిని దుండగుని చేతికే అప్పగించెను.

తేలికదనమును గూర్చి స్విట్జర్లండు వృత్తాంతమును సంగ్రహముగా చెప్పెదను. ఈబాఖ్ గ్రామపు కార్ల్ ఎల్సెనర్ 1891లో తన దేశపు సైనికులకు చాకులు సరఫరా చేయ మొదలిడెను. జర్మనీలోని సోలింగెన్ కార్ఖానాలవారు తక్కువ ధరకు ఇవ్వగా, తోడి పనివారు తప్పుకొనిరి, అతడు అప్పులపాలయ్యెను. సైనికుని చాకు గట్టిదేగాని బరువు. ఎల్సెనర్ అంతకంటె తేలికగా నుండి, ఎక్కువ పనిముట్లుగల చాకును కల్పించి 1897 జూను 12వ తేదీన నమోదు చేయించెను. అతనిని నిలబెట్టినది తేలికచాకే.

ఇక కొనువారికి. చాకునకు మొదట చూడవలసినది వాదర, రెండవది చీల, తక్కినవి పిదప. తుప్పుపట్టని ఉక్కును 1913లో హ్యారీ బ్రేర్లీ షెఫీల్డులోనే సాధించెను. కోయని కత్తులను కనిపెట్టినవాడని ఆ ఊరివారే అతనిని ఎగతాళి చేసిరి! నేడు మంచి తుప్పుపట్టని ఉక్కు దొరకును. తీరప్రాంతమున నుండువారికిని, నిమ్మకాయ, మామిడికాయ కోయువారికిని అదియే మేలు. మామూలు ఉక్కు సులభముగా సానపట్టును గాని తడిపొడిగా విడిచినచో ఒక్క రాత్రిలో నల్లబడును. అంగడిలో ఉక్కు పేరు చెప్పలేని చాకును, ఎంత నిగనిగలాడినను, కొనకుండుట మంచిది. పది పనిముట్లు కూర్చిన చౌక చాకులో పదింటికిని పంచిన ఉక్కు ఏ ఒక్కదానికిని చాలదు.

తరువాత అలుగును సగము తెఱచి అటునిటు కదలింపవలయును. చీల వద్ద ఆట యున్నచో ఆ చాకును విడువవలయును. ఆ ఆట దినదినము పెరుగునే గాని తగ్గదు. మూసినపుడు అలుగు పిడి నడుమ నిలువవలెను. బరువు విషయమై, ఎనిమిదవ కొలత ఓపినెల్ చాకు అలుగు 8.5 సెంటీమీటర్లు, మొత్తము బరువు 50 గ్రాములకు లోపలనే. అంతకు రెట్టింపు బరువైనచో జేబు సాగును. మూడవనాటికి చాకు బల్లసొరుగులో నుండును. ఇంటనున్న చాకు ఎంత మంచిదైనను దారిలో త్రాడు కోయదు గదా.

పొడవు విషయమున చట్టమును గూడ తెలిసికొనవలయును. మన దేశపు ఆయుధ నిబంధనలలో తొమ్మిది అంగుళములకు మించిన పొడవుగాని, రెండంగుళములకు మించిన వెడల్పుగాని గల అలుగులు, గృహకృత్యములకును వ్యవసాయమునకును చేసినవి తప్ప, ఆయుధములలో చేరును. ఇంగ్లండున మూడంగుళములకు లోబడి, బిగింపు లేని మడత చాకునే కారణము చెప్పకుండ వెంటనుంచుకొనవచ్చును. కావున ఉంగరముగల ఓపినెల్ అచట జేబున తగదు. జపానులో తగిన కారణము లేక ఆఱు సెంటీమీటర్లకు మించిన అలుగును వెంటగొనుట సాధారణముగా నేరము. విమానమెక్కువారు ఏ చాకునైనను పెట్టెలో వైచి సామానులతో నప్పగించుటయే దారి. నిత్యకృత్యమునకు మూడంగుళముల అలుగు చాలును.

కొయ్యపిడి చాకు తొలకరిలో ఉబ్బి అలుగును విడువదు. అప్పుడు గోటితో పెనుగులాడ నక్కఱలేదు. పిడి వెనుకకొనను బల్ల అంచుపై నొకసారి తట్టినచో అలుగు ముక్కు బయటికి వచ్చును. సావొయ్ దెబ్బ యని దీనికి ఫ్రాన్సులో పేరు. పిమ్మట పిడిని నీడన ఆరనిచ్చి, చీల వద్ద నొక నూనెబొట్టు విడిచి, అలుగును పదిసారులు తెఱచి మూయవలయును.